ఎండాకాలంలో మా పొమేరేనియన్ కుక్క రొప్పు ఎలా తగ్గిందంటే

కూకట్‌పల్లిలో మాది పై అంతస్తు. మే వస్తే మధ్యాహ్నమంతా మా చిన్నూ ఒకటే రొప్పేది, తిండి ముట్టేది కాదు. ఫ్యాన్, ఐస్ ముక్కలు, పెరుగన్నం ఏవీ పనిచేయలేదు.

ముందుగా వాకింగ్ పొద్దున 6 లోపే ముగించాను. సాయంత్రమైతే చేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి, 5 సెకన్లు ఓర్చుకోగలిగితేనే కిందికి దింపేదాన్ని. తర్వాత 11కే కూలర్ వేసి, ఎదురు కిటికీ కొంచెం తెరిచాను. అసలు కిటుకు ఇదే. మూసిన గదిలో తేమ పేరుకుంటే కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. చివరగా కుళాయి నీళ్లలో తడిపిన తువ్వాలుతో పొట్ట, పాదాలు అద్దాను. వీపు మీద కప్పి వదిలేయకండి, వేడి బయటికి పోదు. కాసేపటికి కాళ్లు బారజాపి పడుకుంది, పాపం.

మన పొడి ఎండలకు ఇది సరిపోయింది. వానలు మొదలయ్యాక కూలర్‌తో అంత లాభం ఉండకపోవచ్చు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల సంగతి వేరు. తూలుతున్నా, చిగుళ్లు బాగా ఎర్రబడినా తడుపుతూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.