గాల్లోనే సిగ్నల్ లీకవుతోందా? ఫిజికల్ లేయర్ భద్రతలో సమస్య - పరిష్కారం

ఎన్‌క్రిప్షన్, అంటే సందేశాన్ని కీతో గుప్తంగా మార్చడం, నెట్‌వర్క్ పై లేయర్లలో ఉంటుంది. దాని కింద ఫిజికల్ లేయర్‌లో, అంటే సిగ్నల్ గాల్లో వెళ్లేటప్పుడే, కాపాడుకునే దారి ఒకటుందని 1975లో సమాచార సిద్ధాంత పరిశోధకుడు ఆరన్ వైనర్ లెక్కగట్టి చూపించారు. పొంచి వినేవాడికి అందే సిగ్నల్ మన రిసీవర్‌కు అందేదానికంటే నాసిగా ఉంటే, ఆ తేడా మేరకు కీ లేకుండానే రహస్యంగా పంపొచ్చు. కింది సమస్యలు చాలావరకు ఈ తేడా ఎక్కడో పోవడం వల్ల వచ్చేవే.

సమస్య: పవర్ పెంచినా రహస్యంగా పంపగల వేగం పెరగడం లేదు

చాలామంది ముందు చేసే పని పవర్ పెంచడం. అది ఎందుకు పనిచేయదో చూడండి. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి మన రిసీవర్ దగ్గర 20 డెసిబెల్స్, వినేవాడి దగ్గర 10 అనుకుందాం. ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు మనకు 6.66 బిట్లు, వాడికి 3.46 బిట్లు అందుతాయి. రహస్యంగా మిగిలేది 3.2. పవర్ పదింతలు చేస్తే ఆ నిష్పత్తులు 30, 20 అవుతాయి, మిగిలేది 3.31. అంత పవర్ ఖర్చుపెట్టి సంపాదించింది 0.11 బిట్. మనకెంత లాభమో వాడికీ దాదాపు అంతే లాభం.

పరిష్కారం యాంటెన్నాలో ఉంది. బీమ్‌ను మన రిసీవర్ వైపు తిప్పి, పక్క లోబ్‌లను (ప్రధాన బీమ్‌కు అటూ ఇటూ కారే చిన్న బీమ్‌లను) కొలవండి. అన్ని ఎలిమెంట్లకూ సమానంగా పవర్ ఇచ్చే అరేలో (చిన్న యాంటెన్నా ఎలిమెంట్ల వరుసలో) మొదటి పక్క లోబ్ ప్రధాన బీమ్ కంటే సుమారు 13 డెసిబెల్సే తక్కువ. పెద్ద డిష్ ఉన్నవాడికి అది చాలు. అంచు ఎలిమెంట్లకు పవర్ తగ్గిస్తే ప్రధాన బీమ్ కాస్త వెడల్పవుతుంది, పక్క లోబ్‌లు మాత్రం బాగా పడిపోతాయి. ఈ బేరం దాదాపు ఎప్పుడూ లాభమే.

సమస్య: కృత్రిమ నాయిస్ వేస్తే మన రిసీవరే ఇబ్బంది పడుతోంది

మన రిసీవర్‌కు తగలకుండా మిగతా దిక్కులకు నాయిస్ పంపే ఈ పద్ధతి ఛానెల్ అంచనా, అంటే దారిలో సిగ్నల్ ఎలా మారుతోందన్న కొలత, సరిగ్గా ఉంటేనే పనిచేస్తుంది. అంచనా పాతబడితే నాయిస్ మనవైపే కారుతుంది. పైలట్ సిగ్నల్స్ (ఛానెల్‌ను కొలవడానికి పంపే, ముందే తెలిసిన సిగ్నల్స్) తరచుగా పంపండి, ఫీడ్‌బ్యాక్ ఆలస్యం తగ్గించండి. వినేవాడి దగ్గర మన ట్రాన్స్‌మిటర్‌కు ఉన్నన్ని యాంటెన్నాలుంటే మాత్రం ఆ నాయిస్‌ను తీసేయగలడు. అప్పుడు దీని మీదే ఆధారపడకండి.

సమస్య: ఛానెల్ నుంచి రెండు వైపులా తీసిన కీలు కలవడం లేదు

మధ్యనున్న ఛానెల్‌ను రెండు వైపులా కొలిచి, ఆ కొలతల నుంచే ఒకే రహస్య కీ తీసుకునే పద్ధతి ఇది. కీలు కలవకపోతే రెండు కొలతల మధ్య ఛానెల్ మారిపోయి ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, నడిచే వేగానికి కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే మారుతుంది. రెండు దిశల్లోనూ ఒకే ఫ్రీక్వెన్సీ వాడండి, పింగ్ వచ్చిన వెంటనే జవాబు పంపండి, సగటుకు మరీ దగ్గరగా ఉన్న కొలతలను వదిలేయండి. తప్పులు సరిచేయడానికి బయటపెట్టిన ప్యారిటీ బిట్లు వినేవాడికీ తెలుస్తాయి కాబట్టి, చివర్లో కీని హ్యాష్ చేసి పొడవు తగ్గించడం తప్పనిసరి.

సమస్య: కీలు చక్కగా కలుస్తున్నాయి, కానీ వరసగా సున్నాలు, వరసగా ఒకట్లు వస్తున్నాయి

నాకు అన్నిటికంటే భయం దీని గురించే, ఎందుకంటే బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కదలిక లేని గదిలో ఛానెల్ మారదు. మారనిదాన్ని వందసార్లు కొలిచినా కొత్త బిట్ రాదు. పైగా ఎవరైనా కావాలని దారికి అడ్డుపడి, తప్పుకుని, మన బిట్లను తనకు కావలసినట్టు నడిపించగలరు. కొలతల మధ్య ఎడం పెంచండి, వేర్వేరు సబ్‌క్యారియర్లు (ఛానెల్‌లోని చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలు) వాడండి, యాంటెన్నాలను యాదృచ్ఛికంగా మార్చండి.

సగం వేవ్‌లెంగ్త్, అంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 సెంటీమీటర్లు, దూరంగా ఉన్నవాడికి వేరే ఛానెల్ కనిపిస్తుందన్న భరోసా ప్రతిబింబాలు అన్ని వైపుల నుంచీ దండిగా వచ్చే చోటే నిజం. నేరుగా కనిపించే దారి ఉంటే దాన్ని నమ్మొద్దు.

సమస్య: ట్రాన్స్‌మిటర్ లెక్కలో బీమ్ సరిగ్గానే ఉంది, రిసీవర్ దగ్గర సిగ్నల్ ఉన్నట్టుండి పడిపోయింది

వినేవాడు కూడా అదే పైలట్ పంపి బీమ్‌ను తనవైపు లాక్కుంటున్నాడేమో చూడాలి. ట్రాన్స్‌మిటర్ అంచనా వేసిన బలాన్ని రిసీవర్ కొలిచిన బలంతో పోల్చండి. పెద్ద తేడా ఉంటే డేటా ఆపేసి, ముందుగా ఊహించలేని పైలట్లతో మళ్లీ మొదలుపెట్టండి. పోల్చే సందేశానికి ధ్రువీకరణ ఉండాలి, లేదంటే దాన్ని కూడా వాడే పంపగలడు.