పాత పడవకు కొత్త వించ్ – 4వ పాఠం: డెక్కుకు పడ్డ చిల్లుల సంగతి

పోయిన పాఠంలో వించ్ (తెరచాప తాడుని డ్రమ్ చుట్టూ చుట్టి, హ్యాండిల్ తిప్పి లాగే యంత్రం) సైజు లెక్క చేశాం. హ్యాండిల్ పొడవు 254 మిల్లీమీటర్లు, డ్రమ్ వ్యాసార్థం 40, భాగిస్తే 6.35. దాన్ని లోపలి పళ్లచక్రాల నిష్పత్తి 6.3తో గుణిస్తే 40. వించ్ మీద రాసుండే నంబరు అదే, అంటే లెక్కప్రకారం చేతి బలాన్ని అన్ని రెట్లు చేస్తుందని. ఇంటిపనిలో మీకు 20 వచ్చిందంటే వ్యాసార్థానికి బదులు వ్యాసం వేసేశారని అర్థం. మళ్లీ చూసుకోండి.

ఈ వారం పాతది దించి కొత్తది ఎక్కిద్దాం. వించ్ విప్పి బిగించే పని ఒక పూటలో తెమిలిపోతుంది. దాని కింద డెక్కులో, అంటే పడవ పైతలంలో, ఉన్న చిల్లులే రెండు వారాంతాలు తినేస్తాయి. పాఠం కూడా ఎక్కువగా వాటి గురించే.

నా పడవ 1978 నాటిది, 30 అడుగులు. శాన్ ఫ్రాన్సిస్కో బేలో, అలమీడా రేవులో ఉంటుంది. దాని మీద మొదట ఉన్నవి బేరియంట్ వించ్‌లు. బరూనా, ఓరియంట్ అనే రెండు పడవల పేర్లు కలిపి పెట్టిన పేరది. కంచుతో గట్టిగా చేశారు, ఇప్పటికీ తిరుగుతాయి. కానీ ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, విడిభాగాల కోసం వెతుక్కోవాలి. పైగా అవి సెల్ఫ్ టెయిలింగ్ కావు: ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఇంకో చేత్తో తాడు లాగి పట్టుకోవాలి. చుక్కాని దగ్గర మనిషి లేకుండా ఒంటరిగా వెళ్తే మూడో చెయ్యి కావాలి. మార్చడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవ నడిపినవాళ్లు వించ్ మొహం చూసి ఉండరు. దాని తెరచాప 7 చదరపు మీటర్లు, చేత్తోనే లాగేస్తాం. నా పడవ ముందుండే పెద్ద తెరచాప, జెనోవా, 300 చదరపు అడుగులు, రెండు పడకగదులంత. దాన్ని లాగే తాడు మీద, అంటే షీట్ మీద, బరువు కట్టడానికి పడవలవాళ్లు వాడే సూత్రం ఒకటుంది: తెరచాప చదరపు అడుగులు × గాలి వేగపు వర్గం (వేగం నాట్స్‌లో, ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.) × 0.00431. జవాబు పౌండ్లలో వస్తుంది. 20 నాట్స్ గాలికి 517 పౌండ్లు, దాదాపు 235 కిలోలు. 25 నాట్స్‌కి 367 కిలోలు. వేసవి మధ్యాహ్నాలు గోల్డెన్ గేట్ లోంచి ఆ గాలి దాదాపు రోజూ వస్తుంది. ఇంత బరువునూ మోసేది వించ్ కింది అయిదు బోల్టులు, అవి పట్టుకున్న డెక్కు.

విప్పడం మొదలుపెట్టే ముందు ఒక అట్టపెట్టె తీసుకుని అడుగున వించ్ పట్టేంత గుండ్రటి రంధ్రం కోసి, దాన్ని వించ్ చుట్టూ తొడగండి. డ్రమ్ లేపగానే వెంట్రుకంత స్ప్రింగులు ఎగురుతాయి. పెట్టె లేకపోతే అవి నేరుగా నీళ్లలోకే. డ్రమ్‌ని గబుక్కున పీకొద్దు. రోలర్ బేరింగులు పాత గ్రీజుతో లోపల అతుక్కుని వచ్చి సగం దారిలో ఊడి పడతాయి. అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా లేపాలి. ఊడిన ప్రతి భాగాన్నీ వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫొటో తీయండి. అమ్మేసే వించ్ అయినా సరే, కొనేవాడు అడిగేది అదే.

డ్రమ్ పోయాక అడుగుపళ్లెం, దాంట్లో బోల్టుల తలలు కనిపిస్తాయి. వాటి నట్లు కింద, లాకర్ (డెక్కు కింది సామాను అర) కప్పు దగ్గర ఉంటాయి. ఇది ఇద్దరి పని. నేను పైన స్క్రూడ్రైవర్‌తో, మా బావమరిది లాకర్‌లో మడతపడి స్పానర్‌తో. "బావా, ఆగు ఆగు, నట్టుతో పాటు బోల్టు కూడా తిరుగుతోంది!" అంటాడు. పైన తలను కదలకుండా అదిమి పట్టాలి, కింద నట్టునే తిప్పాలి. స్టెయిన్‌లెస్ నట్లకు ఒక పాడు గుణముంది. వేగంగా తిప్పితే మరలు వేడెక్కి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఇక రంపంతో కోయాల్సిందే. నూనె వేసి, పావు చుట్టు చొప్పున తిప్పండి.

బోల్టులన్నీ ఊడినా పళ్లెం కదలకపోతే, పాత యజమాని ఎవరో పాలీయూరిథేన్ జిగురు పూసి ఉంటాడు. గునపం పెట్టి లేపితే డెక్కు పైపొర పెచ్చుగా లేచి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పల్చటి పుట్టీ బ్లేడుని చుట్టూ కొద్దికొద్దిగా దూర్చండి. అరగంట ఓపిక పడితే వస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పాత ఫైబర్‌గ్లాస్ డెక్కులు చాలావరకు సాండ్‌విచ్‌లు: పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో చిల్లుల చుట్టూ కొట్టుకుంటూ వెళ్లండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. టంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డబ్‌మంటే లోపల చెక్క నానినట్టు. అల్లెన్ కీ చివర చిల్లులోకి దింపి పక్కకి గీకితే తేలిపోతుంది: మంచి చెక్క గోధుమపిండి రంగులో పొడిగా రాలుతుంది, చెడింది కాఫీ మడ్డిలా తడిగా అంటుకుని వస్తుంది.

కుడివైపు వించ్ మార్చినప్పుడు నేనీ పరీక్ష చేసి, చెక్క పొడిగా ఉందని సంబరపడి, చిల్లుల్లో కాస్త సీలెంట్ పూసి బిగించేశాను. జులైలో చేశాను, వాన లేదు. నవంబరులో వానలు మొదలయ్యాక కింది పడక మీద పరుపు ఒక మూల తడిసింది. బోల్టు పక్కన సీలెంట్ ఎక్కడో సన్నగా విడింది. అక్కణ్ణుంచి నీరు చెక్కలోకి దిగింది. చెక్కకి నీళ్లు తాగడం తెలుసుగానీ వదలడం తెలియదు. అరచెయ్యంత మేర కుళ్లి, పైపొర కోసి కొత్త చెక్క పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి బోల్టు ఎప్పటికీ చెక్కను తాకకూడదు. 8 మి.మీ. బోల్టు అయితే పాత చిల్లుని పైనుంచి 16 మి.మీ.కి పెంచండి, పైపొరనూ చెక్కనూ దాటి, కింది పొర పైన ఆగాలి. కింద టేపు అంటించండి. ముందు పల్చటి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) పోసి చెక్క పీల్చుకోనివ్వండి, తర్వాత సిలికా పొడి కలిపి వేరుసెనగ బటర్ చిక్కదనానికి తెచ్చి నింపండి. వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్, 205 హార్డెనర్ అయితే కొలత 5కి 1. గట్టిపడకపోతే అని హార్డెనర్ ఎక్కువ వెయ్యకండి, అది పప్పులో ఉప్పు కాదు. ఒకేసారి గిన్నెడు కలిపినా గిన్నెలోనే పొగలు కక్కుతూ బిగుసుకుంటుంది. మర్నాటికి చిల్లున్న చోట ఎపాక్సీ దిమ్మ ఉంటుంది. కొత్త బోల్టు ఆ దిమ్మ మధ్యలోంచి పోవాలి.

కొత్త వించ్ చిల్లులు పాతవాటితో కలవవు, ఆశ పెట్టుకోవద్దు. కొత్త చిల్లులకూ ఇదే వైద్యం. రంధ్రం పెట్టే ముందు వించ్‌ని ఉత్తినే అక్కడ ఉంచి హ్యాండిల్ పెట్టి పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. వేళ్ల కీళ్లు డెక్కు అంచున ఉండే గార్డు తీగకు తగులుతున్నాయా? ఇంకోటి, తాడు డ్రమ్ మీదకి కొంచెం కింద నుంచి ఎక్కాలి, 5 నుంచి 10 డిగ్రీలు. సమంగానో పైనుంచో వస్తే కొత్త చుట్టు పాత చుట్టు మీదికెక్కి ముడిపడుతుంది. అప్పుడు 300 కిలోల బరువు మీద దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. కోణం చాలకపోతే పళ్లెం కింద ఏటవాలు దిమ్మ పెట్టాలి.

ఎడమవైపు వించ్ దగ్గర నా తెలివి చూడండి. కుడివైపు వాడిన కాగితం టెంప్లేట్‌నే తిరగేసి అంటించి అయిదు చిల్లులూ వేసేశాను. చెప్పులజతలా ఇవి కూడా కుడిఎడమలనుకున్నాను. కావు! రెండు వించ్‌లూ గడియారం ముల్లు వైపే తిరుగుతాయి, రెండూ అచ్చంగా ఒకటే. నా మోడల్‌కి చిల్లులు సమదూరంలో లేవు. మూడు కూర్చున్నాయి, రెండు పక్కకు పోయాయి. మళ్లీ ఎపాక్సీ, మళ్లీ మర్నాడు.

బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్. కింద వాషర్లు మాత్రమే వేసి సరిపెట్టొద్దు. పళ్లెం కన్నా చుట్టూ రెండు సెంటీమీటర్లు పెద్దగా, 6 మి.మీ. మందం ఫైబర్ పలక కోసి పెట్టండి. జి-10 అని అమ్ముతారు, తుప్పు పట్టదు. డెక్కు అడుగు నున్నగా ఉండదు కాబట్టి పలకకు చిక్కటి ఎపాక్సీ పూసి అదమండి, సందులు నిండుతాయి. పళ్లెం అల్యూమినియమైతే బోల్టులకు టెఫ్-జెల్ అనే పూత తప్పనిసరి. లేకపోతే ఉప్పునీటిలో అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, బోల్టు అందులోనే బిగుసుకుపోతుంది.

చిల్లు అంచుని పైన కొద్దిగా వెడల్పు చేసి, బ్యుటైల్ టేపుని (నీళ్లు ఆపే జిగట రబ్బరు టేపు) చపాతీ పిండిలా పిసికి బోల్టు మెడ చుట్టూ పోగులా చుట్టండి. పళ్లెం కిందా ఒక వరస. పళ్లెం అంచుల్లో నీళ్లు బయటికి పోయే చిన్న గాడులుంటాయి, వాటిని మాత్రం మూసేయకండి. మూస్తే వాన నీరు గేర్లలోనే నిలుస్తుంది. బిగింపు ఒకరోజులో ముగించొద్దు. బ్యుటైల్ మెల్లగా సాగుతుంది. ఇవాళ కొంత, రేపు కొంత, మూడోరోజు పూర్తిగా. అప్పుడూ కింద నట్టే తిరగాలి.

ఈ వారం ఇంటిపని: మీ పడవ ఎక్కి, వించ్ చుట్టూ పిడితో కొట్టి, డబ్‌మన్న చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ గుర్తుల పటం ఫొటో తీసి ఉంచుకోండి. 5వ పాఠంలో గ్రీజు పని: గేర్లకు గ్రీజు, పాల్స్‌కి (డ్రమ్ వెనక్కి తిరగకుండా ఆపే చిన్న నాలుకలకి) ఒక్క చుక్క నూనె మాత్రమే. పాల్స్‌కి గ్రీజు పెట్టిన వించ్ పట్టు జారి హ్యాండిల్ వెనక్కి ఎలా తన్నుతుందో కూడా చూద్దాం.