పూత పలచన చేయడానికి నూనె కొట్టినా ఫలితం లేదా?

ఆపిల్ చెట్టు విరగబూసినప్పుడు నూటికి ఐదు నుంచి పది పూలు కాయలుగా నిలిస్తే చాలు, నిండు కాపు వస్తుంది. అంతకు మించి నిలిస్తే కాయ సైజు తగ్గుతుంది, మరుసటి ఏడాది పూత కూడా పడిపోతుంది. అందుకే సోయా, మొక్కజొన్న నూనెల్ని నీళ్లలో కలిపి పూత మీద పిచికారీ చేస్తారు. నూనె తగిలితే కీలాగ్రం (పువ్వులో పుప్పొడి అంటుకునే కొన) దెబ్బతిని, ఆ పువ్వు పిందె కట్టదు.

సమస్య: పిచికారీ చేసినా పిందెలు గుత్తులుగానే ఉన్నాయి

ఇలా జరిగితే చాలామంది వెంటనే మోతాదు పెంచుతారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పు ఎక్కువగా మోతాదులో కాదు, మనం ఎంచుకున్న రోజులో ఉంటుంది. పుప్పొడి నాళం (పుప్పొడి నుంచి లోపలికి పెరిగే సన్నని గొట్టం) అండం దాకా చేరిపోయాక పైన కీలాగ్రం మాడినా పిందె కట్టడం ఆగదు. వాతావరణం వెచ్చగా ఉంటే ఇది రెండు మూడు రోజుల్లోనే అయిపోతుంది, చలిగా ఉంటే ఇంకా సమయం పడుతుంది.

ఆపిల్ గుత్తిలో నడిమి పువ్వు ముందు విచ్చుకుంటుంది, మంచి కాయ దానికే వస్తుంది. దానికి ఫలదీకరణ జరిగిపోయి, పక్క పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్న సమయం మనకు కావాలి. పూత రోజుల్లో రోజూ పొద్దున్నే చెట్ల దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప అది దొరకదు. పీచ్‌లో ఇలా నడిమి పువ్వు ఉండదు కాబట్టి అక్కడ ఎన్ని పూలు విచ్చుకున్నాయో చూసే నిర్ణయించుకోవాలి. పైగా నూనె చెట్టు లోపలికి పాకే మందు కాదు, తగిలిన పువ్వు మీదే పని చేస్తుంది. పూత విడతలుగా వస్తుంటే ఒక్క పిచికారీతో సరిపోదు.

సమస్య: ఒక కొమ్మ బోసిపోయింది, పక్క కొమ్మ నిండుగా ఉంది

ట్యాంకులో నూనె విడిపోయి పైకి తేలింది. ఎమల్సిఫయర్‌ను (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాన్ని) ముందు నూనెలో కలిపి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. 15 లీటర్లకు 2 శాతం అంటే 300 మిల్లీలీటర్ల నూనె. ముందు గాజు సీసాలో కొంచెం కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన నూనె పొర కనిపిస్తే ఆ మిశ్రమం వాడొద్దు. పిచికారీ చేస్తున్నంతసేపూ ట్యాంకును కదుపుతూ ఉండాలి.

సమస్య: ఆకులు మాడిపోయాయి

మండే ఎండలో కొట్టడం, నీళ్లు చాలక వాడిన చెట్టుకు కొట్టడం, గంధకం మందుకు దగ్గరగా కొట్టడం దీనికి కారణాలు. గంధకానికి, నూనెకు మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. లేబుల్ మీద అంతకంటే ఎక్కువ ఉంటే అదే పాటించండి. మాడిన ఆకు మళ్లీ బాగుపడదు. ఇంకేమీ కొట్టకుండా నీళ్లు సరిగా పెట్టండి, కొత్త ఆకు వస్తుంది. ఈసారి ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి, రెండు మూడు రోజులు చూశాకే మిగతా చెట్టుకు వెళ్లండి. తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం కొడితే మంచిది.

మంచు గడ్డకట్టే రాత్రులు ఇంకా ఉన్నాయనిపిస్తే పిచికారీ మానేయండి. మంచుకు కొంత పూత ఎలాగూ పోతుంది. మిగిలిన పిందెల్ని కాయకూ కాయకూ జానెడు ఎడం ఉండేలా చేత్తో గిల్లేయవచ్చు.