కాళ్ళు సన్నబడే జబ్బుకి జీన్ టెస్ట్ చేయించే ముందు ఇంట్లో చేయాల్సిన పని

మా నాయన నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడి వెనకాలే ఉండిపోయేది, ఆయనకి తెలిసేది కూడా కాదు, ఆదోని బస్టాండ్‌లో బస్సెక్కాలంటే మోకాలు పైకెత్తి పాదాన్ని టప్పున వేసేవాడు. చానా ఏళ్ళు షుగర్ అన్నారు, నడుం నరం అన్నారు, షుగర్ అయితే ఎప్పుడూ లేదు, చివరికి సీఎంటీ అని తేలింది, అంటే షార్కో-మారీ-టూత్ అనే వంశంలో వచ్చే నరాల జబ్బు. మీ ఇంట్లో ఇట్లాంటోళ్ళు ఉంటే ముందు న్యూరాలజిస్ట్ దగ్గర ఎన్‌సీవీ చేయించండి, నరంలో కరెంట్ ఎంత వేగంగా పోతాదో చూసే టెస్ట్ అది. నరం బోరు మోటర్ వైరు అనుకుంటే దాని మీది తొడుగు మైలిన్, చేతి నరంలో వేగం సెకనుకి 38 మీటర్ల కంటే తక్కువ ఉంటే మామూలుగా దెబ్బ తొడుగుకి తగిలినట్టు.

తర్వాత పేపర్ మీద మూడు తరాలు గీయండి, మగోళ్ళకి చదరం, ఆడోళ్ళకి సున్నా, జబ్బు ఉన్నోళ్ళని నల్లగా నింపండి. జేజిని కూర్చోబెట్టి అడిగేటప్పుడు "ఎవరికైనా జబ్బుండేదా" అంటే లేదనే అంటాది, "ఎవరి పిక్కలు సన్నగుండేవి, ఎవరి పాదంలో గుంత బాగా లోతు, ఎవరు ఊరికే మడమ మెలిపడి పడేవాళ్ళు" అని అడగండి, అప్పుడు పేర్లు వస్తాయి. మేనరికం ఉన్నచోట రెండు గీతలు వేయండి, మన సీమలో అది మామూలే, డాక్టర్ దగ్గర దాచొద్దు.

తరం తరం వస్తుంటే ముందు చూడాల్సింది పీఎంపీ22 అనే జీన్. 17వ క్రోమోజోమ్‌లో ఆ జీన్ ఉన్న ముక్క, దాదాపు 15 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు, ఒకసారి ఎక్కువ రాసుకుని ఉంటాది, 1991లోనే కనుక్కున్నారు. ఆ జీన్ చేసే ప్రోటీన్ చెడ్డది కాదు, రెండు కాపీల చోట మూడు ఉండి ఎక్కువైపోయి తొడుగు పాడవుతాది, బిడ్డ బిడ్డకీ వచ్చే అవకాశం సగం సగం. అదే ముక్క ఒకటి తక్కువైతే ఇంకో జబ్బు, కాసేపు కాలు మీద కాలేసుకుని కూర్చున్నా పాదం రోజుల తరబడి మొద్దుబారి పడిపోతాది. జీన్ అక్షరాలు చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో ఈ కాపీల లెక్క తప్పిపోవచ్చు, కాబట్టి ముందు కాపీలు లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ టెస్ట్ అడగండి, దయచేసి ఇది మర్చిపోవద్దు.

అది నెగటివ్ వస్తే ఎంపీజెడ్, జీజేబీ1 లాంటి జీన్లన్నీ ఒకేసారి చూసే ప్యానెల్ టెస్ట్. జీజేబీ1 ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాది, తండ్రి కొడుక్కి ఇచ్చేది వై కాబట్టి తాత నుంచి నాయనకి వచ్చిందంటే అది కాదనుకోవచ్చు, కానీ మేనరికమైతే తల్లి వైపు నుంచీ వచ్చి ఉండొచ్చు, ఆ రెండు గీతలు అందుకే. అమ్మానాయనలు బాగుండి మేనరికమై, పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే నేరుగా ప్యానెలే మేలు.

రిపోర్ట్ జిరాక్స్ చుట్టాలకీ ఇవ్వండి, ఈ జబ్బున్నోళ్ళకి క్యాన్సర్ వచ్చి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఎక్కిస్తే కాళ్ళు చేతులు ఉన్నట్టుండి పడిపోవచ్చు, డాక్టర్‌కి ముందే చెప్పాల.