కృతజ్ఞతను రోజువారీ అలవాటు చేసుకోవడం ఎలా?

రాత్రి లైటు తీసేశాక బుర్రలో తిరిగేవి ఎక్కువగా చేదు సంగతులే. ఆఫీసులో పడ్డ మాట, కట్టాల్సిన ఈఎంఐ, పొద్దున ఇంట్లో జరిగిన గొడవ. ఆ రోజు మంచేమీ జరగలేదని కాదు, అది తనంతట తాను గుర్తుకు రాదు. దాన్ని గుర్తు చేసుకుని కాగితం మీద పెట్టడమే ఈ అలవాటు. ఖర్చు ఒక నోట్‌బుక్కు, పది నిమిషాలు.

ముందు దీనివల్ల ఎంత లాభమో చూద్దాం. 2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలా కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒకదానిలో కొందరు వారానికోసారి తమకు కలిగిన మేళ్లను, కొందరు చిరాకులను రాశారు. మేళ్లు రాసినవాళ్లు ఒంట్లో నలతలు తక్కువని చెప్పారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. కండరాల, నరాల జబ్బులున్నవాళ్లతో 21 రోజులు రాయించిన మరో ప్రయోగంలో నిద్ర బాగుపడింది. 2024లో వచ్చిన ఇంకో అధ్యయనం 49,275 మంది వయసు మళ్లిన అమెరికా నర్సులను పరిశీలించింది. కృతజ్ఞతా భావం బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో, తక్కువ ఉన్నవాళ్ల కంటే, సుమారు మూడేళ్లలో మరణించే ముప్పు 9 శాతం తక్కువగా కనిపించింది. అది కృతజ్ఞత వల్లే తగ్గిందని మాత్రం ఆ లెక్క రుజువు చేయదు. 2020లో 27 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు దిగులు, ఆందోళనల మీద దీని ప్రభావం కొద్దిపాటిదేనని తేలింది. కాబట్టి బీపీ మాత్ర మానేసి నోట్‌బుక్కు పట్టుకోకండి. మాత్ర వేసుకునే రాయండి.

1. వేళ కుదుర్చుకోండి

"రాత్రి తీరిక దొరికినప్పుడు" అనుకుంటే ఎప్పటికీ దొరకదు. రోజూ తప్పక చేసే పనికి దీన్ని ముడిపెట్టండి: వంటిల్లు సర్దాక, పక్క వేశాక, పిల్లలు పడుకున్నాక. నోట్‌బుక్కూ పెన్నూ దిండు పక్కనే ఉండాలి. ఫోన్లో రాయొద్దు. ఫోన్ తెరిస్తే వాట్సాప్ పిలుస్తుంది, పది నిమిషాలు గంటవుతుంది. నైట్ షిఫ్టు వాళ్లు పొద్దున పడుకునే ముందు రాసుకుంటే చాలు.

2. మూడు సంగతులు, ఒక్కోదానికి రెండు వాక్యాలు

మొదటి వాక్యంలో ఏం జరిగింది, రెండో దానిలో ఎందుకు జరిగింది, ఎవరి వల్ల జరిగింది. ఈ రెండో వాక్యమే అసలు మందు. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం వారం రోజులు ఇలాగే, కారణంతో సహా రాయించింది. దాని ఫలితం ఆరు నెలల వరకు నిలిచింది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రాసేస్తారు. మర్నాడూ అవే మూడు, మూడో నాటికి విసుగు. అలాంటి మాటలకు మనసులో ఏ బొమ్మా కదలదు. దానికి బదులు ఇలా రాయండి:

"వానలో బస్సు దిగేసరికి పక్కింటాయన తన గొడుగులోకి రమ్మన్నారు. కూతురి కోసం వచ్చిన మనిషి, నన్ను ఇంటి దాకా దించి మళ్లీ బస్టాపుకు వెళ్లారు."

పెద్ద విషయాలే ఉండాలని లేదు. కరెంటు పోయిన పావుగంటలోనే వచ్చిందన్నది కూడా పనికొస్తుంది, ఆ వేళలో స్తంభం ఎక్కిన లైన్‌మన్ గుర్తుకొస్తే.

3. చప్పబడితే తగ్గించండి

రెండు మూడు వారాలకు రాత మొక్కుబడి అవుతుంది. రోజూ అదే రుచి తగిలితే నాలుక పట్టించుకోదు కదా, ఇదీ అంతే. మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ఒక ప్రయోగంలో వారానికి మూడుసార్లు రాసినవాళ్లకంటే ఒక్కసారి రాసినవాళ్లకే లాభం కనిపించింది. అలాంటప్పుడు వారానికి ఒకే రాత్రి మూడు సంగతులు వివరంగా రాయండి. మిగతా రాత్రులు కళ్లు మూసుకుని ఒక్కటి తలుచుకుంటే చాలు, అలవాటు తెగదు.

ఇంకో ఉపాయం, తీసివేత. మీకు ఆసరాగా ఉన్న ఒక మనిషిని తీసుకుని, ఆ పరిచయం అసలు జరగకపోయి ఉంటే ఏమయ్యేదో నాలుగు వాక్యాలు రాయండి. ఉన్నదాన్ని లెక్కపెట్టుకోవడం కంటే లేకుండా పోయేదాన్ని ఊహిస్తే దాని విలువ బాగా తెలుస్తుంది.

4. నెలకోసారైనా ఆ మనిషికి చెప్పండి

మన ఇళ్లలో ఇదే కష్టమైన మెట్టు. అమ్మతో "ధన్యవాదాలు" అంటే నవ్వుతుంది, "థాంక్స్" అంటే "నాకెందుకురా" అంటుంది. ఆ మాట లేకుండానే చెప్పొచ్చు: "అమ్మా, నాకు జ్వరమొచ్చిన మూడు రోజులూ రాత్రి లేచి నువ్వు జావ కాచావు, నాకు గుర్తుంది." పనిని పేరుపెట్టి చెబితే చాలు. పాత మాస్టారికో, స్నేహితుడికో అయితే ఉత్తరం రాయండి. ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారేమోనని మనం అతిగా భయపడతామని, నిజానికి వాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషిస్తారని 2018లో పరిశోధకులు అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ చూపించారు.

ఎక్కడ బెడిసికొడుతుంది?

"నాకంటే లేనివాళ్లు ఎంతమందో" అని రాయడం కృతజ్ఞత కాదు, పోలిక. మరో రోజు పైవాళ్లతో పోల్చుకుంటే ఆ ఊరట కాస్తా పోతుంది. "వాళ్ల రుణం ఎప్పుడు తీర్చుకుంటానో" అన్న బరువు కూడా వేరు. అది మోపైతే ఆ సంగతి పక్కన పెట్టి, తిరిగి ఏమీ ఆశించని మనిషిని ఎంచుకోండి. కొట్టే, తిట్టే మనిషిలో మంచి వెతకడానికి ఈ నోట్‌బుక్కును ఎప్పుడూ వాడొద్దు.

ఒక రాత్రి మానేస్తే కొంప మునగదు. అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందని, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదని లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం గమనించింది. తప్పిన రోజుల బాకీ రాయకండి, ఆ రాత్రి తేదీ వేసి మొదలుపెట్టండి.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, మంచి సంగతి ఒక్కటైనా తట్టట్లేదని మిమ్మల్ని మీరే తిట్టుకుంటుంటే నోట్‌బుక్కు మూసి డాక్టరును కలవండి. భారత్‌లో ఉన్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.