వ్యాగన్ కప్లింగ్ ఊడట్లేదా? హ్యాండిల్‌తో కుస్తీ పట్టేముందు వెనక బ్రేకు చూడండి

విజయవాడ చుట్టుపక్కల యార్డుల్లో, సైడింగుల్లో గూడ్సు రేకులు (ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరసలు) కట్ చేస్తూ, అంటే కప్లింగ్ ఊడదీసి రెండు ముక్కలు చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను పిలిచేది ఎక్కువగా ఒకే మాట మీద, "అన్నా, హ్యాండిల్ లేవట్లేదు". కప్లింగ్ లాక్‌ని పైకి లేపడానికి వ్యాగన్ పక్కన ఉండే రాడ్డే ఈ హ్యాండిల్. వెళ్లి చూస్తే చాలాసార్లు హ్యాండిల్‌కి ఏ రోగమూ ఉండదు. యాంగిల్ కాక్ (వ్యాగన్ చివర గాలి పైపుని మూసే కుళాయి) ఎటు తిప్పాలో, వాకీటాకీలో లోకో పైలట్‌తో ఎలా మాట్లాడాలో మీకు తెలుసనుకునే రాస్తున్నా.

సమస్య: హ్యాండిల్ అసలు కదలట్లేదు

కప్లింగ్ లాగుడు మీద ఉంది, అంతే. రెండు వ్యాగన్లు చెరోవైపు లాగుతుంటే నకిల్ (కప్లర్‌లో తెరుచుకుని మూసుకునే కొక్కెం) తోక లోపల లాక్‌ని అదిమి పట్టుకుంటది, ఇక ఇద్దరు కలిసి లాగినా అది పైకి రాదు. లోకోతో కాస్త నొక్కించండి, వదులైతే ఒక్క చేత్తో లేస్తది. హ్యాండిల్‌ని ముందు బ్రాకెట్ గాడిలోంచి పైకి తీసి ఆ తర్వాతే తిప్పాలి, గాడిలో ఉండగానే బలం పెట్టి రాడ్డు వంచేసినవాళ్లని ఎంతమందిని చూశానో.

ఒకవేళ రాడ్డు ముందే వంగి ఉంటే అవతలి వ్యాగన్ హ్యాండిల్ వాడండి, రెండు నకిల్స్‌లో ఒకటి తెరుచుకుంటే చాలు. కాకపోతే ఆ హ్యాండిల్ లైనుకి అటువైపు ఉంటది, అక్కడే అందరూ కప్లర్ కింద దూరేది. దయచేసి దూరొద్దు. అటువైపు మనిషి ఉంటే చెప్పండి, లేకపోతే బండి పూర్తిగా ఆపించి, లోకో పైలట్ "ఆగాను, కదలను" అని తిరిగి చెప్పాకే వెళ్లండి. అమెరికాలో జానీ అనే ఆయన 1873లో ఈ నకిల్ కప్లర్‌కి పేటెంట్ తీసుకున్నాడు, దాన్లాంటి ఆటోమేటిక్ కప్లర్లు ఉండి తీరాలని అక్కడ 1893లో చట్టం చేశారు. ఎందుకంటే అంతకుముందు లింకు, పిన్ను పెట్టే కప్లింగుల మధ్య పడి వేళ్లూ చేతులూ ప్రాణాలూ పోయేవి. మనిషి మధ్యలోకి వెళ్లకూడదనే ఆ రాడ్డు పక్కకి పెట్టింది.

సమస్య: నొక్కిస్తే వదులవుద్ది, చెయ్యి వేసేలోపే మళ్లీ బిగుసుకుంటది

నన్ను దెబ్బ కొట్టింది ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రోహిణి కార్తె మధ్యాహ్నం, గ్లవ్స్ లేకుండా హ్యాండిల్ ముట్టుకుంటే చెయ్యి కాలిపోయే ఎండ, లోడు రేకు, వెనక 20 వ్యాగన్లు వదిలి ముందు భాగం తీసుకెళ్లాలి. ఎక్కడన్నది వద్దు. లోకోలో బీపీ (బ్రేకు పైపు, ఇందులో గాలి దించితే బ్రేకు పడుద్ది) గేజి జీరో అన్నారు, నేను వెంటనే కట్ దగ్గర కాక్‌లు మూసేశా, హోస్ పైపులు విడదీశా. ఎయిర్ బ్రేక్ పడిందిగా అని హ్యాండ్ బ్రేకులు వేయలేదు. మూడుసార్లు నొక్కించాం, మూడుసార్లూ వదులయినట్టే అయి టప్‌మని బిగుసుకుంది. నాలుగోసారి లాక్ లేచింది, నకిల్ తెరుచుకుంది, లోకో ముందుకి కదిలింది, వెనక 20 వ్యాగన్లు కూడా కదిలాయి, వెనక్కి. తోటి మనిషి పరిగెత్తి పట్టా మీద చక్రానికి అడ్డంగా స్కిడ్ పెట్టాడు కాబట్టి ఆగాయి.

జరిగిందేంటంటే, లోకో గేజి చూపించేది లోకో దగ్గర ఉన్న గాలిని మాత్రమే. 58 బాక్స్ఎన్ (బొగ్గులాంటివి మోసే పైకప్పు లేని) వ్యాగన్లంటే 600 మీటర్ల పైన పైపు, ముందు జీరో అయినా వెనక 5 కేజీల (చదరపు సెంటీమీటరుకి) ఒత్తిడితో ఉన్న గాలి ఇంకా దిగుతూనే ఉంటది. ఆ టైములో కాక్ మూసేస్తే మిగిలిన గాలి వెనక పైపులో సర్దుకుని ఉండిపోద్ది, బ్రేకు సగమే పడుద్ది. కింద వంగి చూస్తే ఏమీ తెలీదు. పిస్టన్ బయటికే ఉంటది, బ్లాకులు చక్రానికి ఆనే ఉంటాయి. కానీ ఆనడం వేరు, పట్టడం వేరు. పైగా బ్లాకుల్ని నొక్కే బ్రేకు సిలిండర్‌లో గాలి సేపు గడిచేకొద్దీ కారిపోతా ఉంటది.

ఇప్పుడు వాలు సంగతి. యార్డుల్లో 400కి 1 వాలు, అంటే 400 మీటర్లకి ఒక మీటరు దిగడం, కంటికి అస్సలు కనపడదు, చదునుగా ఉందనే అనుకుంటాం. లోడుతో ఒక బాక్స్ఎన్ సుమారు 81 టన్నులు, 20 అంటే 1,600 టన్నుల పైమాట, ఆ వాలులో అవి కిందికి లాగే బలం 4 టన్నులు. రాపిడి కొంత తీసేసినా, రోలర్ బేరింగులు కాబట్టి లోకో నొక్కి ఒకసారి కదిలించాక అవి ఊరికే ఆగవు. మీరు వదులు చేశామనుకుంటారు, నిజానికి వెనక భాగాన్ని కిందికి తోశారు, అది పోతా పోతా కప్లింగ్‌ని మళ్లీ సాగదీస్తది. హ్యాండిల్ లేవకపోవడమే ఆ వ్యాగన్లు ఆగి లేవని చెప్పే గుర్తు, ఆ రోజు మూడుసార్లు చెప్పినా నేను వినలేదు.

పరిష్కారం కష్టమేం కాదు. బీపీ పూర్తిగా దించమనండి, రేకు చివర గార్డు వ్యాన్‌లో గేజి ఉంటది, వాకీటాకీలో "వెనక ఎంత?" అని ఒక్క మాట అడగండి, అక్కడ జీరో అన్నాకే కాక్ ముట్టుకోండి. వ్యాన్ లేకపోతే తొందరపడకుండా ఆగండి. తర్వాత వదిలేసే వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకులు, ఎన్ని వేయాలో మీ స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లో ఉంటది, దానికి ఒక్కటి తగ్గించొద్దు. హ్యాండ్ బ్రేకు తిప్పే చక్రం బిగుసుకోకుండా ఊరికే గిరగిరా తిరిగితే ఆ బ్రేకు లెక్కలోకి రాదు, పక్క వ్యాగన్‌కి వెళ్లండి. ఇంకోటి, నేను అప్పటినుంచీ జేబులో సుద్దముక్క పెట్టుకుంటున్నా. వదిలే భాగంలో రెండో మూడో వ్యాగన్ దగ్గర చక్రం మీద, దాని కింద పట్టా మీద కలిసేలా ఒక గీత గీస్తా, నొక్కించాక చూస్తా. గీతలు కలిసే ఉంటే వెనక భాగం నిలబడింది, అప్పుడు హ్యాండిల్ దానంతటదే వచ్చినట్టు వస్తది. గీతలు విడిపోతే లోకోని ఆపించి మళ్లీ బ్రేకుల దగ్గరికే వెళ్లాలి. హ్యాండ్ బ్రేకులకి పది నిమిషాలు దండగ అనుకుంటారు గానీ, లాక్ సులువుగా లేవడానికి అసలు కారణం అవే.

సమస్య: లాక్ లేస్తది, హ్యాండిల్ వదిలితే పడిపోతది

లోపల లాక్‌ని లేపి నిలబెట్టే భాగం అరిగింది. బాగున్న కప్లర్‌లో ఒకసారి లేపి వదిలేసి దూరంగా నిలబడొచ్చు, బండి విడిపోతుంటే నకిల్ తనే తెరుచుకుంటది. అరిగినదాన్లో హ్యాండిల్ పట్టుకుని బండితో పాటు నడుస్తుంటారు, కంకర మీద కాలు జారితే ఇక అంతే. అటువైపు హ్యాండిల్ వాడి, ఈ వ్యాగన్ నంబరు సీ అండ్ డబ్ల్యూ (వ్యాగన్లు బాగుచేసే క్యారేజ్ అండ్ వ్యాగన్) వాళ్లకి రాసివ్వండి.

సమస్య: హోస్ పైపు విడదీస్తే కొడుతోంది

ఒకవైపు కాక్ మాత్రమే మూశారు. బీపీ పచ్చ రంగు, ఎఫ్పీ (ఫీడ్ పైపు, బ్రేకులకి గాలి నింపేది) తెల్ల రంగు, రెండు పైపులకీ రెండువైపులా అంటే నాలుగు కాక్‌లు. మూశాక పైపులో మిగిలిన గాలి బుస్సుమని పోయేదాకా ఆగండి. ఎఫ్పీలో 6 కేజీలు ఉంటది, మొహం పక్కకి పెట్టుకోండి.

మిగతావి అరుదు. వంపులో బిగుసుకుంటే తిన్నటి లైన్లోకి లాక్కోండి. బొగ్గు పొడి పట్టేస్తే దులిపించండి, లోపల ఆయిల్ పోయొద్దు, ఇంకా ముద్దకడుతుంది. లోడు, ఖాళీ పక్కపక్కనే ఉండి ఎత్తు తేడా కనపడితే కప్లర్ ఎత్తు కొలిపించండి, పట్టాల నుంచి 1,105 మిల్లీమీటర్లు దాటకూడదు, లోడు మీద 1,030కి తగ్గకూడదు. తేడా ఉంటే సిక్ లైనే, అంటే రిపేరు వ్యాగన్లు పెట్టే లైనుకే.