లాక్‌డౌన్‌లో కరోనా వార్తలు చూసి బెంబేలెత్తకుండా ఉండటం ఎలా?

2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజు పొద్దున్నే, మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. వైరస్ బయట 12 గంటలే బతుకుతుందట, మనమంతా 14 గంటలు ఇంట్లో ఉంటే తెల్లారేసరికి దేశంలో కరోనా ఉండదట. అమ్మ నమ్మింది. ఎవరికైనా నమ్మాలనిపించే మాటే కదా! సాయంత్రం ఐదింటికి బాల్కనీలో గరిటెతో పళ్లెం మోగించి లోపలికొచ్చి, "ఇక పోయినట్టేనారా?" అని అడిగింది. మూడో రోజుకల్లా లాక్‌డౌన్, ఉగాది పచ్చడి తలుపులు వేసుకుని తిన్నాం, ఆ తర్వాత దాన్ని మే 3 దాకా పొడిగించారు. ఆ నెల రోజుల్లో మా ఇంట్లో టెన్షన్ తగ్గించిన పనులు ఇవి.

ముందు టీవీకి టైం పెట్టండి

అప్పట్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వైద్యారోగ్య శాఖ బులెటిన్ ఇచ్చేది. అది చూస్తే సరిపోయేది. మేం రాత్రి భోజనానికి ముందు ఒక్కసారి చూసి కట్టేసేవాళ్లం, పడుకునే ముందు మాత్రం అస్సలు పెట్టేవాళ్లం కాదు.

తర్వాత అంకెలు చదవడం నేర్చుకోండి

అసలు భయమంతా ఇక్కడే ఉంది. టీవీలో కింద పరిగెత్తే పెద్ద అంకె మొత్తం కేసులది. మొదటి రోజు నుంచి వచ్చినవన్నీ కలిపిన లెక్క కాబట్టి అది ఎప్పటికీ తగ్గదు, జబ్బు తగ్గిపోతున్నా సరే పెరుగుతూనే కనిపిస్తుంది. అందులోంచి డిశ్చార్జ్ అయినవాళ్లనీ చనిపోయినవాళ్లనీ తీసేస్తే మిగిలేవి యాక్టివ్ కేసులు, మీరు రాసిపెట్టుకోవాల్సిన అంకె అది. ఇంకో సంగతి. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి అప్పట్లో మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి 14 రోజుల దాకా పట్టేది, క్వారంటైన్ 14 రోజులు పెట్టింది కూడా అందుకే. ఆ పైన టెస్టు, రిజల్ట్ రావడం. అంటే ఈరోజు చెప్పే కేసులు దాదాపు వారం, పది రోజుల కిందట సోకినవి, ఈరోజు మనం ఇంట్లో ఉన్నందుకు ఫలితం ఇంకో పది రోజులకు గానీ కనిపించదు.

కేసులు ఎన్ని రోజులకు రెట్టింపు అవుతున్నాయో కూడా చూడండి. 100 కేసులు మూడు రోజులకోసారి రెట్టింపైతే మూడు వారాల్లో 12,800 అవుతాయి, అదే వారానికోసారి రెట్టింపైతే 800. ఈ లెక్క పాత క్యాలెండర్ వెనక రాసి చూపించాక, "పోనీలే, ఇంట్లో కూర్చుంటే ఏదో ఉపయోగం ఉందన్నమాట" అంది అమ్మ. అప్పటినుంచి గేటు దాటి కూరగాయలకని వెళ్లడం మానేసింది.

ఫార్వర్డ్ మెసేజ్‌ని అక్కడే ఆపండి

చికెన్ తింటే కరోనా వస్తుందని ఫిబ్రవరిలో పుకారు లేచి కోళ్ల రైతులు ఎంత నష్టపోయారో చూశాం. మంత్రులు స్టేజీ మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది! అందుకే ఏ మెసేజ్ వచ్చినా ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని చూడండి, రెండూ లేకపోతే పంపకండి. ప్రభుత్వం పేరుతో వచ్చిందైతే పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ) ఫ్యాక్ట్ చెక్ పేజీలో వెతకండి. పెద్దవాళ్లు పంపితే గ్రూప్‌లో అందరి ముందూ తప్పు పట్టకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు మన మీద బెంగతోనే పంపుతున్నారు.

బయటికి వెళ్లొస్తే

ఇంట్లోంచి ఒక్కరే బయటికి వెళ్లాలి, అరవై దాటినవాళ్లు వద్దు. పాత కాటన్ చీర ముక్కతో మూడు మడతల మాస్క్ కుట్టుకోండి, ముక్కు పైదాకా రావాలి, తిరిగొచ్చాక చెవుల దగ్గర తాడు పట్టుకునే తీయాలి, వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. చేతులు 20 సెకన్లు రుద్దండి, బొటనవేళ్లు మర్చిపోకుండా. వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది, కాబట్టి శానిటైజర్ దొరకలేదని బాధపడొద్దు. పాల ప్యాకెట్ కుళాయి కింద కడిగితే సరిపోతుంది. కూరగాయలకు మాత్రం సబ్బు, బ్లీచింగ్ వాడకండి, అవి కడుపులోకి పోతే ఇంకో జబ్బు, మంచినీళ్లతో బాగా కడిగితే చాలు.

జ్వరం, పొడి దగ్గు వస్తే

వేరే గదిలో ఉండి 104కి ఫోన్ చేయండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎక్కడికి వెళ్లొచ్చారు, ఎవరిని కలిశారు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని చెప్పండి. ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. పక్కింటివాళ్లు క్వారంటైన్‌లో ఉంటే తలుపులు మూసుకుని గుసగుసలాడటం చాలా అన్యాయం, అలా చూస్తారనే భయంతోనే అప్పట్లో జనం జ్వరం దాచేవారు. వాళ్లకి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, పాలూ కూరగాయలూ గేటు దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి నిలబడండి.